నీటి మొక్కల అక్వేరియంలో కాంతి నియంత్రణ, శైవలాల నివారణ: ఉత్తర తెలంగాణ పరిస్థితుల పరిశీలన

వ్యాససంగ్రహం

నీటి మొక్కలు పెంచే అక్వేరియంలో శైవలాలు విజృంభించడానికి ప్రధాన కారణాలలో కాంతి ఒకటి. కాంతి తీవ్రత, వ్యవధి, దానికి తోడయ్యే పోషకాలు, కార్బన్ డయాక్సైడ్ మధ్య సమతౌల్యం చెడినప్పుడు మొక్కలు వాడుకోలేక మిగిలిన కాంతిని శైవలాలు వాడుకుంటాయి. ఈ సూత్రాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల అక్షాంశం, ఎండ, ఉష్ణోగ్రత, నీటి గుణం నేపథ్యంలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. కాంతిని సరిదిద్దకుండా శైవలాలను తినే విదేశీ చేపలను ఆశ్రయించడం వల్ల స్థానిక చెరువులకు కలిగే ప్రమాదాన్నీ, కళాశాల ప్రయోగశాలలో ఈ అంశాన్ని పరీక్షించే పద్ధతినీ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: నీటి మొక్కలు, శైవలాలు, కాంతి తీవ్రత, కాంతి వ్యవధి, కిరణజన్య సంయోగక్రియ, అక్వేరియం, చెరువులు, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణ చెరువుల సీమ. కరీంనగర్ నగరాన్ని ఆనుకొని మానేరు నదిపై 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయం, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కడెం జలాశయం, ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులు ఈ ప్రాంతపు జీవనానికి ఆధారాలు. ఈ నీటి వనరులలో సహజంగా పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లమ్ వంటి మొక్కలు నేడు ప్రపంచవ్యాప్తంగా అక్వేరియం మొక్కలుగా ఆదరణ పొందుతున్నాయి. ఇండ్లలో, కళాశాలల జీవశాస్త్ర విభాగాలలో చేపల తొట్లు ఏర్పాటు చేసేవారు ఈ మొక్కలను సులభంగా సేకరించుకోగలరు.

అయితే తొట్టి అమర్చిన కొన్ని వారాలకే అద్దాలపై పచ్చని పొర, ఆకుల అంచులకు నల్లని కుచ్చులు, నీటిలో ఆకుపచ్చని మసక కనిపించడం సాధారణం. చాలామంది వెంటనే నీరంతా మార్చడం, రసాయనాలు కలపడం, నాచు తినే చేపను కొనితేవడం వంటి చర్యలకు పూనుకుంటారు. ఈ మూడింటిలో ఏదీ కారణాన్ని తాకదు. శైవలాల పెరుగుదలకు శక్తినిచ్చేది కాంతి. తొట్టి యజమాని చేతిలో పూర్తిగా ఉన్న కారకం కూడా కాంతే. కనుక నివారణ అక్కడి నుండి మొదలు కావలసి ఉంటుంది.

2. 'నాచు', 'శైవలం': పదాల సందిగ్ధత

తెలుగు వ్యవహారంలో 'నాచు' అనే మాట రెండు వేర్వేరు జీవవర్గాలను సూచిస్తుంది. బండపై కాలుజారేలా చేసే పచ్చని పొర నాచే. చెరువులో తీగలుగా పెరిగి వలకు చుట్టుకొనే హైడ్రిల్లా కూడా నాచే. సంస్కృతంలోని 'శైవలం' పరిస్థితీ ఇంతే. నిఘంటువులు దానికి నీటిలో పెరిగే పుష్పించే మొక్కల అర్థాన్ని కూడా ఇస్తాయి. ఆధునిక వృక్షశాస్త్ర పరిభాషలో మాత్రం 'శైవలం' వేరు, కాండం, పత్రం అనే విభజన లేని, పుష్పించని సరళ జీవులకు పరిమితమైంది.

ఈ భేదం పదచర్చకు మాత్రమే సంబంధించినది కాదు. తొట్టిలో పెంచవలసిన నాచు ఒకటి, అదుపు చేయవలసిన నాచు మరొకటి. రెండూ ఒకే కాంతిని, ఒకే నైట్రేట్‌ను, ఒకే ఫాస్ఫేట్‌ను కోరుకుంటాయి. కాబట్టి శైవలాలను మాత్రమే చంపి మొక్కలకు హాని చేయని కాంతి అంటూ ఏదీ ఉండదు. మొక్కలు పూర్తిగా వినియోగించుకోగల మేరకు కాంతిని పరిమితం చేసి, శైవలాలకు మిగులు లేకుండా చేయడమే సాధ్యమైన మార్గం. ఈ వ్యాసంలో 'శైవలం' అనే మాట ఆధునిక శాస్త్రార్థంలోనే ప్రయుక్తమైంది.

3. పూర్వ పరిశీలనలు

అక్వేరియం చరిత్ర శైవల సమస్యతోనే ఆరంభమైంది. లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లనూ వాలిస్నేరియా మొక్కనూ కలిపి పెంచి, జంతువులు విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు, మొక్కలు విడిచే ఆక్సిజన్‌ను జంతువులు వాడుకోవడాన్ని 1850లో వివరించాడు. కుళ్లిన ఆకులు, శైవలాలు పాత్రను పాడుచేయడం గమనించి నత్తలను ప్రవేశపెట్టి సమతౌల్యం సాధించాడు. ఆ ప్రయోగానికి ఆధారమైన వాలిస్నేరియా ప్రజాతి తెలంగాణ చెరువులలో, వాగులలో కూడా పెరిగేదే కావడం గమనార్హం.

తెలంగాణలో మంచినీటి శైవలాల ఆవరణశాస్త్రానికి బలమైన పరిశోధన సంప్రదాయం ఉంది. హైదరాబాద్ చేపల చెరువులలోని శైవలాలపై ఎ.ఆర్. జాఫర్ 1964, 1967 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధన పత్రాలు, మూసీ నది శైవలాలకూ కాలుష్యానికీ గల సంబంధంపై వి. వెంకటేశ్వర్లు 1969లో ప్రచురించిన పత్రం ఇందుకు నిదర్శనాలు. నీలి-ఆకుపచ్చ శైవలాల గుర్తింపునకు టి.వి. దేశికాచారి 1959లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికమే.

లోతు తక్కువ సరస్సులు రెండు భిన్న స్థిర స్థితులలో ఉండగలవని మార్టెన్ షెఫర్, ఆయన సహ పరిశోధకులు 1993లో ప్రతిపాదించారు. మొక్కలు అధికంగా ఉండి నీరు తేటగా ఉండే స్థితి ఒకటి. వృక్షప్లవకాలు నిండి నీరు పచ్చబారే స్థితి మరొకటి. ఏ స్థితి ఏర్పడితే అది తనను తాను నిలబెట్టుకొనే ప్రయత్నం చేస్తుంది. మొక్కలు పోషకాలను పీల్చి, మట్టిని కదలకుండా పట్టి నీటిని తేటగా ఉంచుతాయి. ప్లవకాలు వెలుగును అడ్డగించి మొక్కలను అణచివేస్తాయి. ఊరి చెరువుకు వర్తించే ఈ సూత్రం చేపల తొట్టికీ వర్తిస్తుంది. తొట్టిలో తొలి వారాలలోనే మొక్కలు దట్టంగా ఉండేలా చూడడం ఎందుకు ముఖ్యమో దీనివల్ల అర్థమవుతుంది.

4. కాంతి: తీవ్రత, వ్యవధి, వర్ణం

4.1 తీవ్రత

కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడే కాంతి 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య ఉంటుంది. ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడే ఇటువంటి ఫోటాన్ల సంఖ్యను మైక్రోమోల్‌లలో కొలుస్తారు. నిర్మలమైన ఆకాశం ఉన్న మధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 2000 వరకు ఉంటుంది. అక్వేరియం అడుగుభాగాన 15 నుండి 30 మైక్రోమోల్‌లు ఉంటే తక్కువ కాంతి, 30 నుండి 80 వరకు మధ్యమ కాంతి, ఆపైన అధిక కాంతి అని పెంపకందారుల వాడుక. అంటే ఆరుబయటి ఎండలో నూరింట రెండు మూడు వంతులు చాలా నీటి మొక్కలకు చాలినంత కాంతి.

ప్రతి మొక్కకూ ఒక కాంతి పరిహార బిందువు ఉంటుంది. ఆ తీవ్రత వద్ద కిరణజన్య సంయోగక్రియలో విడుదలయ్యే ఆక్సిజన్, శ్వాసక్రియలో ఖర్చయ్యే ఆక్సిజన్ సమానం. అంతకంటే తక్కువ కాంతిలో మొక్క క్షీణిస్తుంది. హైడ్రిల్లా, సెరటోఫిల్లమ్, కబొంబా మొక్కలను పోల్చి 1976లో జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో హైడ్రిల్లాకు అతి తక్కువ పరిహార బిందువు ఉన్నట్లు తేలింది. చెరువు లోతులలో, మసక నీటిలో కూడా హైడ్రిల్లా నిలదొక్కుకోవడానికి ఇదొక కారణం. కాంతి తగ్గించి శైవలాలను అదుపు చేయదలచిన తొట్టిలో ఇటువంటి మొక్కే అనుకూలం.

ఫోటాన్లను కొలిచే పరికరం ఖరీదైనది. సాధారణ లక్స్ మీటరుతో స్థూలంగా అంచనా వేయవచ్చు. తెల్లని ఎల్‌ఇడి దీపానికి సుమారు 70 లక్స్‌లు ఒక మైక్రోమోల్‌కు సమానమని తీసుకుంటే, 40 మైక్రోమోల్‌ల కాంతికి 2800 లక్స్‌లు కావాలి. సూర్యకాంతికైతే ఈ గుణకం సుమారు 54. దీపపు వాటేజీ విద్యుత్ వినియోగాన్ని తెలుపుతుందే గాని మొక్కకు అందిన కాంతిని తెలుపదు.

4.2 వ్యవధి

రోజు మొత్తంలో అందిన కాంతి తీవ్రతపైనా వ్యవధిపైనా ఆధారపడుతుంది. 40 మైక్రోమోల్‌ల కాంతి 8 గంటలు అందితే రోజుకు చదరపు మీటరుకు సుమారు 1.15 మోల్‌లు అవుతుంది. కిటికీ గుండా 500 మైక్రోమోల్‌ల ఎండ ఒక్క గంట సేపు తొట్టిపై పడిందనుకుంటే అది 1.8 మోల్‌లు. అంటే దీపం రోజంతా ఇచ్చే కాంతి కంటే ఆ గంట ఎండ ఇచ్చేదే ఎక్కువ. దీపాన్ని ఎంత జాగ్రత్తగా నియంత్రించినా కిటికీని గమనించని తొట్టిలో శైవలాలు తగ్గకపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

తీవ్రతను, వ్యవధిని ఒకదానికి బదులు మరొకటిగా పూర్తిగా మార్చుకోవడం సాధ్యం కాదు. మొక్క పరిహార బిందువుకు దిగువన ఉన్న కాంతిని 14 గంటలు ఇచ్చినా మొక్క పెరగదు. కాని మంద కాంతికి అలవాటుపడే శైవలాలు పెరగగలవు. మధ్యమ తీవ్రతతో 6 నుండి 8 గంటల వ్యవధి మేలైనదని పెంపకందారులు చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

4.3 వర్ణం

మొక్కలకు మాత్రమే పనికివచ్చి శైవలాలకు పనికిరాని రంగు దీపాలున్నాయనే ప్రచారానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆకుపచ్చ శైవలాలలో ఉండేవి మొక్కలలో ఉండే పత్రహరితం ఎ, బి వర్ణకాలే. ఎర్ర శైవలాలలోని ఫైకోఎరిత్రిన్ మొక్కలు తక్కువగా గ్రహించే ఆకుపచ్చని కాంతిని గ్రహించగలదు. నీలి-ఆకుపచ్చ శైవలాలలోని ఫైకోసయనిన్ నారింజ కాంతిని ఉపయోగించుకుంటుంది. వర్ణాన్ని మార్చితే శైవలాల జాతులు మారవచ్చు గాని సమస్య తీరదు. నీరు ఎరుపు కాంతిని ఎక్కువగా శోషిస్తుందన్న మాట నిజమే. అయినా 45 సెంటీమీటర్ల తేట నీటిలో ఆ నష్టం స్వల్పం. తొట్టిలో కాంతి తగ్గడానికి దీపపు దూరం, పైన తేలే ఆకుల నీడ, నీటి మసక ప్రధాన కారణాలు.

5. ఉత్తర తెలంగాణ ఎండ, కిటికీ దిశ

కరీంనగర్ సుమారు 18.4 డిగ్రీల, ఆదిలాబాద్ సుమారు 19.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నాయి. కరీంనగర్‌లో జూన్ నెలాఖరులో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు నెలాఖరులో సుమారు 11 గంటలు ఉంటుంది. ఆదిలాబాద్‌లో ఈ వ్యత్యాసం మరి కొన్ని నిమిషాలు ఎక్కువ. ఋతువులతో పాటు పగటి నిడివి మారేది రెండు గంటలే అయినా, సూర్యుని మార్గంలో వచ్చే మార్పు పెద్దది.

డిసెంబరులో కరీంనగర్‌లో మధ్యాహ్న సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అందువల్ల దక్షిణపు కిటికీ గుండా ఎండ గదిలోపలికి చొచ్చుకువస్తుంది. మే నెల మధ్య నుండి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ కాలంలో దక్షిణపు కిటికీ నుండి నేరు ఎండ దాదాపు రాదు. కాని ఉదయ సాయంకాలాలలో ఉత్తరపు కిటికీలకు వాలు ఎండ తగులుతుంది. తూర్పు కిటికీ ఉదయపు ఎండను, పడమటి కిటికీ సాయంకాలపు ఎండతో పాటు వేడినీ తెస్తాయి. వేసవిలో బాగున్న తొట్టి చలికాలంలో పచ్చబారిందంటే, దీపం మారకపోయినా సూర్యుడు మారాడని గ్రహించాలి. కాబట్టి తొట్టిని ఏ నేరు ఎండా పడని లోపలి గోడ వద్ద ఉంచడం, లేదా కిటికీ వైపు అద్దానికి బయటి నుండి ముదురు రంగు కాగితం అంటించడం మొదటి చర్య.

ఉష్ణోగ్రత మరొక స్థానిక కారకం. రోహిణి కార్తెలో ఈ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం అరుదు కాదు. చలికాలపు రాత్రులలో ఆదిలాబాద్ రాష్ట్రంలోని అతి చల్లని ప్రదేశాలలో ఒకటి. వేడి పెరిగినకొద్దీ మొక్కల శ్వాసక్రియ వేగం పెరిగి వాటి పరిహార బిందువు కూడా పెరుగుతుంది. అదే సమయంలో అనేక నీలి-ఆకుపచ్చ శైవలాలు వేడిలో మరింత చురుకవుతాయి. అంటే వేసవిలో మొక్క బలహీనపడే స్థితిలోనే దాని పోటీదారు బలపడుతుంది.

6. శైవలాల రకాలు, అవి సూచించే లోపాలు

తొట్టిలో కనిపించే శైవలం ఏ రకమో గుర్తించడం కాంతిని ఎటు మార్చాలో తెలుసుకోవడానికి తోడ్పడుతుంది.

గోధుమ రంగు పొర: ఇది సాధారణంగా డయాటమ్‌ల సమూహం. కొత్త తొట్లలో తొలి వారాలలో కనిపించి, మొక్కలు స్థిరపడ్డాక తగ్గిపోతుంది. తేలికగా తుడిచివేయవచ్చు. దీనికి దీపాన్ని మార్చనవసరం లేదు.

పచ్చని నీరు: క్లోరెల్లా, క్లామిడోమోనాస్, యూగ్లీనా వంటి తేలియాడే ఏకకణ జీవుల వల్ల ఏర్పడుతుంది. నేరు ఎండ, అమోనియా ఎక్కువ కావడం తరచుగా దీనికి కారణాలు. నీరు మార్చినంత మాత్రాన ఇది తొలగదు, మిగిలిన కణాలు త్వరలోనే రెట్టింపవుతాయి.

దారపు శైవలాలు: స్పైరోగైరా, ఊడోగోనియం, క్లాడోఫోరా వంటివి. అధిక తీవ్రత గల కాంతికి తగినంత కార్బన్ డయాక్సైడ్ లేదా పోషకాలు తోడు కానప్పుడు విజృంభిస్తాయి. చేతితో తీసివేసి, తీవ్రతను తగ్గించడం ప్రధాన చికిత్స.

అద్దంపై పచ్చని చుక్కలు: గట్టిగా అంటుకొని ఉంటాయి. దీర్ఘ వ్యవధి, బలమైన కాంతి వీటికి అనుకూలం. నెమ్మదిగా పెరిగే మొక్కల పాత ఆకులపైనా కనిపిస్తాయి.

నల్లని కుచ్చులు: రంగు నల్లగా కనిపించినా ఇవి ఎర్ర శైవలాల వర్గానికి చెందినవి. కార్బన్ డయాక్సైడ్ స్థాయి నిలకడగా లేకపోవడంతో వీటిని పెంపకందారులు ముడిపెడతారు. కాంతిని మాత్రమే తగ్గించడం వల్ల ఇవి త్వరగా పోవు. సోకిన ఆకులను కత్తిరించాలి.

నీలి-ఆకుపచ్చ జిగురు పొర: ఆసిలటోరియా వంటి సయనోబ్యాక్టీరియా వల్ల ఏర్పడుతుంది. నీటి కదలిక లేకపోవడం, అడుగున కుళ్లిన పదార్థం పేరుకొనడం దీనికి అనుకూలం. కొన్ని జాతులు విషపదార్థాలను ఉత్పత్తి చేయగలవు కనుక చేతి తొడుగులతో తొలగించడం మంచిది.

7. కాంతికి తోడు: కార్బన్ డయాక్సైడ్, పోషకాలు, స్థానిక జలం

మొక్క పెరుగుదల సమృద్ధిగా ఉన్న వనరుపై కాక, అతి తక్కువగా ఉన్న వనరుపై ఆధారపడుతుందని స్ప్రెంగెల్, లీబిగ్‌లు 19వ శతాబ్దిలో వివరించిన కనిష్ఠ సూత్రం ఇక్కడ కీలకం. గాలితో సమతౌల్యంలో ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు అర మిల్లీగ్రామే ఉంటుంది. పైగా అది గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. దీపం ఎంత ప్రకాశవంతమైతే మొక్కకు కార్బన్ కొరత అంత త్వరగా ఎదురవుతుంది. అప్పుడు మొక్క పెరుగుదల ఆగుతుంది, కాంతి మిగులుతుంది. పలుచని దారాల వంటి దేహం గల శైవలాలు తమ పరిమాణంతో పోలిస్తే ఎక్కువ ఉపరితలం కలిగి ఉండి, స్వల్ప పోషకాలను కూడా సులభంగా గ్రహిస్తాయి.

కరీంనగర్ ప్రాంతం ప్రధానంగా గ్రానైట్, నైస్ శిలలపై ఉంది. బోరు నీరు చాలా చోట్ల కఠినజలం, బైకార్బనేట్ అధికం. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటివి కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు బైకార్బనేట్‌ను వినియోగించుకోగలవు. వాటి ఆకులపై తెల్లని సున్నపు పొర ఏర్పడడం దీనికి గుర్తు. కనుక స్థానిక కఠినజలంలో, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేని తొట్టిలో, ఈ మొక్కలు శైవలాలతో పోటీపడగలవు.

ఎరువుల వాడకం ఎక్కువైన వ్యవసాయ ప్రాంతాలలో బావి నీటిలో నైట్రేట్ చేరుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఈ పరిమితికి చేరువగా ఉన్న నీటిని వారం వారం తొట్టిలో మారుస్తూ పోతే, నీరు మార్చడమే ఎరువు వేయడంగా పరిణమిస్తుంది. నీటిని ముందు పరీక్షించకుండా శైవలాల నెపాన్ని దీపంపై మాత్రమే వేయడం సరికాదు.

8. కాంతిని సరిదిద్దే క్రమం

ఒకేసారి అన్నింటినీ మార్చితే ఏది ఫలించిందో తెలియదు. ఒక మార్పు చేసి కనీసం రెండు వారాలు వేచి చూడడం శాస్త్రీయ పద్ధతి. క్రమం ఈ విధంగా ఉండవచ్చు.

మొదటిది, తొట్టిపై నేరు ఎండ పడే వేళలను ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక రోజు గమనించి నమోదు చేసి, ఆ ఎండను పూర్తిగా నివారించాలి.

రెండవది, కనిపించే శైవలాన్ని చేతితో, గీకే పలకతో తొలగించి, మూడింట ఒక వంతు నీటిని మార్చాలి. ఉన్న శైవలాన్ని తీయకుండా కాంతిని తగ్గిస్తే ఫలితం ఆలస్యమవుతుంది.

మూడవది, దీపాన్ని టైమరుకు కలిపి వ్యవధిని 6 గంటలకు పరిమితం చేయాలి. రోజూ ఒకే వేళకు వెలిగి, ఒకే వేళకు ఆరాలి. విద్యుత్ అంతరాయాల వల్ల సాధారణ టైమరు గడియారం వెనుకబడవచ్చు కనుక తరచుగా సరిచూడాలి.

నాలుగవది, రెండు వారాల తరువాత కూడా కొత్త శైవలం వేగంగా పెరుగుతుంటే తీవ్రతను తగ్గించాలి. తీవ్రతను మార్చే సదుపాయం లేని దీపాన్ని పైకి ఎత్తవచ్చు. బిందువు వంటి దీపానికి దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. పొడవైన ఎల్‌ఇడి పట్టీకి అంతగా తగ్గదు. తేలియాడే మొక్కలను కొంత భాగంలో పెంచినా నీడ లభిస్తుంది.

ఐదవది, మొక్కల కొత్త ఆకులను పరిశీలించాలి. కాండం సన్నగా సాగి, కింది ఆకులు రాలుతుంటే కాంతి మరీ తగ్గిందని అర్థం. కొత్త ఆకులు ఆరోగ్యంగా ఉంటే వ్యవధిని వారానికి అరగంట చొప్పున 8 గంటల వరకు పెంచవచ్చు.

మధ్యలో విరామం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన గ్రంథంతో పేరుపొందిన మట్టి అడుగు తొట్ల విధానంలో ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు వెలుగు ఇచ్చి నడుమ సుమారు 4 గంటలు దీపం ఆర్పుతారు. ఆ విరామంలో మట్టి నుండి, చేపల శ్వాస నుండి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పోగుపడి సాయంత్రపు కాంతికి తోడవుతుంది. విరామమే శైవలాలను చంపుతుందనుకోవడం పొరపాటు. మొక్కలకు కార్బన్ లభించడమే దాని ప్రయోజనం.

9. పూర్తి చీకటి: ప్రయోజనం, ప్రమాదం

పచ్చని నీటికి, నీలి-ఆకుపచ్చ పొరకు తొట్టిని 3 నుండి 4 రోజులు పూర్తిగా కప్పి ఉంచే చికిత్స ప్రసిద్ధం. నిల్వ పిండిపదార్థం గల మొక్కలు ఆ చీకటిని తట్టుకుంటాయి, నిల్వలు తక్కువైన శైవలాలు క్షీణిస్తాయి. అయితే చీకటిలో మొక్కలు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ ఆక్సిజన్‌ను ఖర్చు చేసేవే. చనిపోయిన శైవలాలు కుళ్లే క్రమంలో మరింత ఆక్సిజన్ హరించుకుపోతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ గరిష్ఠంగా సుమారు 8.3 మిల్లీగ్రాములు కాగా, 35 డిగ్రీల వద్ద అది సుమారు 7 మిల్లీగ్రాములే.

నడివేసవిలో పచ్చబారిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోరు తెరవడం మత్స్యకారులు ఎరిగిన దృశ్యం. రాత్రంతా సాగిన శ్వాసక్రియ ఆక్సిజన్‌ను హరించడమే దానికి కారణం. తొట్టిలో కృత్రిమంగా మూడు రాత్రులను కలిపి సృష్టించేవారు ఈ దృశ్యాన్ని మరువరాదు. గాలి పంపు నిరంతరం పనిచేయకుండా, విద్యుత్‌కు ప్రత్యామ్నాయం లేకుండా వేసవిలో ఈ చికిత్స చేపట్టకూడదు. చికిత్స ముగిశాక సగం నీటిని మార్చాలి. కాంతి, పోషకాల అసమతౌల్యాన్ని సరిదిద్దకపోతే శైవలం కొన్ని వారాలలో తిరిగి వస్తుంది.

10. తొట్టి నుండి చెరువుకు

కాంతిని సరిదిద్దడానికి బదులు 'నాచు తినే చేప'గా అమ్మే సక్కర్ చేపను కొనడం సులభ మార్గంగా కనిపిస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప కొనే నాటికి వేలెడంత ఉన్నా, ఎదిగితే 40 సెంటీమీటర్లు దాటుతుంది. తొట్టిలో పట్టనప్పుడు దానిని చెరువులోనో వాగులోనో వదలడం జరుగుతోంది. ముళ్లరెక్కలతో, పలకల వంటి గట్టి చర్మంతో ఉండే ఈ జాతి తెలుగు రాష్ట్రాల జలాశయాలలో ఇప్పటికే వ్యాపించింది. వలలను చింపుతుంది. గట్లలో బొరియలు చేస్తుంది. సంతలో దానికి విలువ లేదు. నష్టం చేప పట్టి బతికే ముదిరాజు, గంగపుత్ర కుటుంబాలది.

మొక్కల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నేడు చెరువులను కప్పివేస్తున్న గుర్రపు డెక్క 19వ శతాబ్ది చివర అందమైన పూల మొక్కగానే మన దేశానికి చేరింది. మిషన్ కాకతీయ కింద సుమారు 46 వేల చెరువులను పునరుద్ధరించే కార్యక్రమాన్ని 2015లో ఆరంభించిన రాష్ట్రంలో, పూడిక తీసిన చెరువులోకి తొట్టి నుండి కొత్త కలుపు చేరడం ఆ శ్రమను వృథా చేస్తుంది. దిగువ మానేరు జలాశయం కరీంనగర్ నగరానికి తాగునీటిని అందిస్తుంది. కాబట్టి తొట్టిలో కత్తిరించిన మొక్కలను ఎండబెట్టి ఎరువుగా మార్చాలి. మార్చిన నీటిని కుండీలకు పోయాలి. శైవలాలను తినే జీవులు కావాలనుకుంటే స్థానిక నత్తలు చాలు.

రాగి లవణాలు గల శైవలనాశకాలు మరొక ప్రత్యామ్నాయంగా లభిస్తున్నాయి. రాగి నత్తలకు, రొయ్యలకు ప్రాణాంతకం. సున్నితమైన మొక్కలకూ హానికరం. టైమరుతో సాధ్యమయ్యే పనికి విషాన్ని వాడడం సమర్థనీయం కాదు.

11. కళాశాల ప్రయోగశాలకు ఒక నమూనా

డిగ్రీ స్థాయి వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థులు తక్కువ ఖర్చుతో ఈ సూత్రాన్ని పరీక్షించవచ్చు. ఒకే పరిమాణం గల 12 గాజు పాత్రలలో ఒకే బావి నీటిని, సమాన బరువు గల హైడ్రిల్లా కొమ్మలను తీసుకోవాలి. రోజుకు 6, 8, 10, 12 గంటల కాంతి వ్యవధులకు మూడేసి పాత్రల చొప్పున కేటాయించాలి. ఒక్కొక్క వర్గాన్ని వేరు చేసేలా నల్లని అట్ట అడ్డం పెట్టాలి. ప్రతి పాత్రలో ఒక సూక్ష్మదర్శిని గాజు పలకను నిలువుగా వేలాడదీయాలి.

నాలుగు వారాల తరువాత పలకపై అంటుకొన్న శైవలాన్ని గీకి, 90 శాతం అసిటోన్‌లో పత్రహరితాన్ని వెలికితీసి వర్ణపటమాపకంతో కొలవాలి. హైడ్రిల్లా బరువులోని పెరుగుదలను దానితో పోల్చాలి. వ్యవధి పెరిగినకొద్దీ మొక్క పెరుగుదల ఏ బిందువు వద్ద మందగిస్తుందో, శైవలం ఏ బిందువు నుండి పుంజుకుంటుందో గుర్తించడం ఈ ప్రయోగ లక్ష్యం. ఆ రెంటి మధ్య ఉన్నదే స్థానిక నీటికి తగిన కాంతి వ్యవధి. మొక్కలు లేని పాత్రలను కూడా చేర్చితే మొక్కల ఉనికి శైవలాలపై చూపే ప్రభావం విడిగా తెలుస్తుంది. ఇదే ప్రయోగాన్ని కరీంనగర్ గ్రానైట్ నేలల బావి నీటితోనూ, ఆదిలాబాద్ నల్లరేగడి నేలల బావి నీటితోనూ జరిపితే ఉపయుక్తమైన తులనాత్మక అధ్యయనం అవుతుంది.

12. ఉపసంహారం

అక్వేరియంలో శైవలం మొక్కలకు అందని వనరుల మిగులును చూపే గుర్తు. ఆ మిగులులో కాంతి ముఖ్యభాగం. నేరు ఎండను నివారించడం, దీపపు వ్యవధిని 6 నుండి 8 గంటలకు పరిమితం చేయడం, మొక్క స్వభావాన్ని బట్టి తీవ్రతను నిర్ణయించడం, ఒక్కొక్క మార్పును రెండు వారాలు పరిశీలించడం నివారణకు పునాదులు. వర్ణం మార్చడం వల్ల ప్రయోజనం స్వల్పం. పూర్తి చీకటి వేసవిలో ప్రమాదకరం. కఠినజలానికి, మంద కాంతికి అలవాటుపడిన స్థానిక మొక్కలు ఉత్తర తెలంగాణ తొట్లకు సహజమైన ఎంపిక.

చెరువును తేటగా ఉంచే సూత్రమే తొట్టినీ తేటగా ఉంచుతుంది. తొట్టిలో చేసిన పొరపాటు చెరువుకు చేరగలదు కనుక, దీపాన్ని అదుపు చేయడం ఇంటి అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే మిగలదు. అది ఊరి నీటి పట్ల బాధ్యతలో కూడా భాగమవుతుంది.